ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మన వీధి భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు నలుగురు కలిసిన చోటల్లా ఇవే సందేహాలు వినిపిస్తుంటాయి. ఏ స్టేషన్‌కు వెళ్లాలి? ఒడియా సరిగా రాకపోతే ఎవరు వింటారు? చెప్పినవాళ్ల మీదికే వస్తుందేమో? ఈ మూడు భయాలతో చాలా విషయాలు ఇంటి గడప దాటవు. జవాబు తెలియక ఎవరూ నష్టపోకూడదని వీటిని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా జవాబు అక్కడే పూర్తిగా దొరకాలి కాబట్టి కొన్ని నంబర్లు మళ్లీ మళ్లీ వస్తాయి.

## మొదలుపెట్టే ముందు

భద్రత చూడటం పోలీసుల పని కదా, మేం చేయగలిగేది ఏముంటుంది?

ఒక్కో స్టేషన్ కింద ఎన్నో గ్రామాలు ఉంటాయి. రాయగడ, గజపతి కొండ ప్రాంతాల్లో పోలీసు జీపు చేరడానికి చాలా సేపు పట్టే ఊళ్లున్నాయి. ఏ ఇంటికి తాళం ఉందో, ఏ మలుపులో దీపం వెలగడం లేదో, ఏ ముసలామె ఒంటరిగా ఉంటోందో, ఏ పిల్ల ఉన్నట్టుండి బడి మానేసిందో వీధిలోవాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. కళ్లు తెరిచి చూడటం, ఆలస్యం చేయకుండా చెప్పడం, ఒకరికొకరు తోడుండటం మన వంతు. పట్టుకోవడం, నిలదీయడం, శిక్షించడం మన వంతు కాదు. ఈ గీత ఎక్కడుందో వీధిలో అందరికీ తెలిసి ఉండాలి. మంచి ఉద్దేశంతో మొదలైన చాలా ప్రయత్నాలు చెడేది ఈ గీత దగ్గరే.

కమిటీ పెట్టాలంటే రిజిస్టర్ చేయించాలా?

అక్కర్లేదు. పది ఇళ్లవాళ్లు కూర్చుని ఒక కాగితం రాసుకుంటే చాలు. ఎవరి ఫోను నంబరు ఏమిటి, రాత్రివేళ బండి తీయగలిగినవాళ్లు ఎవరు, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు ఎవరు, ఒడియా చక్కగా రాయగలిగేది ఎవరు, మంచం మీద ఉన్న పెద్దవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు అన్నవి అందులో ఉండాలి. కాగితం మీదే రాయండి. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు పోతే ఫోన్లలోని నంబర్లు దేనికీ పనికిరావు.

ఒక విషయం గట్టిగా చెబుతాను. తెలుగువాళ్లం మాత్రమే కలిసి పెట్టుకునే బృందం వీధిని కాపాడలేదు. పక్కింటి ఒడియా కుటుంబం, వెనక వీధిలోని సవర, కోంధ్ కుటుంబాలు కూడా అందులో ఉండాలి. ఆపదలో మొదట వచ్చేది పక్కింటివాళ్లే. పగలంతా ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్లను మొదటి రోజు నుంచే పిలవండి. వీధిలో ఏం జరుగుతోందో మగవాళ్ల కంటే వాళ్లకే బాగా తెలుసు.

మా ఊళ్లో పోలీసుల తరఫున ఉండే మనిషి ఎవరు?

పల్లెల్లో గ్రామరక్షి ఉంటారు. 1967 నాటి ఒడిశా గ్రామరక్షి చట్టం కింద నియమితులై, ఊరి సమాచారాన్ని స్టేషన్‌కు చేరవేసేది వీరే. ముందు వీరితో పరిచయం పెంచుకోండి. ఆంధ్రలో సీఐ అని అడిగే చోట ఇక్కడ స్టేషన్ పెద్దను ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జి) అని అడగాలి. పౌరులూ పోలీసులూ కలిసి మాట్లాడుకోవడానికి ఒడిశా పోలీసుల ‘ఆమ పోలిస్’ కార్యక్రమం ఉంది. దాని కింద మీ స్టేషన్‌లో సమితి ఉందా, అందులో మీ వీధి నుంచి ఎవరైనా ఉన్నారా అని అడగండి. గంజాం జిల్లావాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ ఇద్దరు ఎస్పీలు ఉంటారు. బరంపురం పోలీసు జిల్లాకు ఒకరు, ఛత్రపురం కేంద్రంగా గంజాం పోలీసు జిల్లాకు మరొకరు.

సంక్రాంతికి ఊరికి వెళ్తే ఇల్లు దొంగల పాలవుతుందని భయం. ఏం చేయాలి?

పండక్కి శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్లకు వెళ్లే కుటుంబాలు ఎక్కువ కనుక ఈ భయం అర్థం లేనిది కాదు. దొంగ తాళం కంటే ముందు వాకిలి చూస్తాడు. ధనుర్మాసంలో వీధి పొడవునా ముగ్గులు ఉండి ఒక్క గడప ముందు మాత్రం ఎండుటాకులు పేరుకుంటే, ఆ ఇంట్లో ఎవరూ లేరని చాటినట్టే. రోజూ పొద్దున మీ వాకిట్లో కూడా నాలుగు గీతలు వేయమని పక్కింటి వదినను అడగండి. పాల ప్యాకెట్టు, పేపరు ఆపించండి. సాయంత్రం వరండా దీపం వేసి పొద్దున ఆర్పే మనిషిని చూసుకోండి. బయటి గేటుకు తాళం కనబడేలా వేయకండి. నగలు బ్యాంకు లాకరులో పెట్టండి. ఎన్నాళ్లు ఉండరో స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ప్రయాణం ఫొటోలు తిరిగి వచ్చాక పెట్టుకోవచ్చు.

ఆంధ్రలోని బంధువులు అక్కడి పోలీసు యాప్‌లు పెట్టుకోమంటారు. అవి ఆ రాష్ట్రం కోసం చేసినవి, ఇక్కడ వాటిని నమ్ముకోవద్దు. దేశమంతటికీ పనికివచ్చే 112 ఇండియా యాప్ పెట్టుకోండి.

వీధి దీపాలు వెలగడం లేదు. ఎవరికి చెప్పాలి?

పట్టణంలో మున్సిపాలిటీకి లేదా ఎన్ఏసీకి (చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్), పల్లెలో పంచాయతీకి. స్తంభం మీద నంబరు ఉంటే అది రాసి ఇవ్వండి, లేకపోతే ఎవరి ఇంటి ఎదురుగా ఉందో రాయండి. తెగి వేలాడే తీగ అయితే వెంటనే 1912కి ఫోన్ చేసి, కరెంటు వాళ్లు వచ్చేదాకా అటువైపు ఎవరూ పోకుండా ఒకరు కాపలా ఉండాలి.

ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

గుర్తింపు కార్డు నకలు, ఫొటో, పనిచేసే చోటు, సొంతూళ్లో ఒకరి ఫోను నంబరు తీసుకుని ఆ వివరాలు స్టేషన్‌లో ఇవ్వండి. భాష, కులం చూసి ఇల్లు లేదనడం మాత్రం భద్రత అనిపించుకోదు.

## ఏదైనా జరుగుతున్నప్పుడు

112కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడితే అర్థమవుతుందా? ఆ ఫోను ఆంధ్రకు వెళ్తుందేమో?

పోలీసు, అగ్నిమాపక దళం, అంబులెన్సు మూడింటికీ 112 పనిచేస్తుంది. సరిహద్దు ఊళ్లలో ఫోను ఒక్కోసారి పక్క రాష్ట్రం టవరును అందుకుంటుంది. పర్లాకిమిడికి పాతపట్నం ఎంత దూరమో అందరికీ తెలిసిందే. అందుకే ఏం జరిగిందో చెప్పే ముందు ఎక్కడ జరిగిందో చెప్పండి. ‘ఒడిశా, గజపతి జిల్లా, ఫలానా ఊరు, ఫలానా గుడి పక్కన’ అన్నది మొదటి మాట కావాలి. ఫోను పక్క రాష్ట్రంలో మోగినా ఎక్కడికి పంపాలో అప్పుడు వాళ్లకు తెలుస్తుంది.

భాష సంగతికి వస్తే, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఒడియా ఇబ్బంది కాదు. ఆంధ్ర నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు, కొడుకు దగ్గర ఉండటానికి వచ్చిన పెద్దవాళ్లకే కష్టం. అలాంటి ఇళ్లలో తెలుగు లిపిలో నాలుగు మాటలు రాసి గోడకు అంటించండి. ‘ఏఠి చోర పశిఛి’ అంటే ఇక్కడ దొంగ చొరబడ్డాడు. ‘ఏఠి నిఆఁ లాగిఛి’ అంటే ఇక్కడ నిప్పంటుకుంది. ‘దుర్ఘటణా హోఇఛి, ఆంబులాన్స పఠాంతు’ అంటే ప్రమాదం జరిగింది, అంబులెన్సు పంపండి. కింద మీ చిరునామా ఒడియాలో పలికే తీరుగా రాయండి. కంగారులో సొంత వీధి పేరు కూడా నోటికి రాదు.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో వచ్చింది. వీధిలో కొత్త మనిషి కనిపించాడు. ఆపి అడగవచ్చా?

‘ఎవరి ఇల్లు కావాలండీ?’ అని మర్యాదగా అడగవచ్చు. చుట్టుముట్టడం, సంచి వెతకడం, చేయి పట్టుకోవడం, వీడియో తీసి పంచడం ఏవీ చేయకూడదు. అనుమానం ఉంటే దూరం నుంచి చూస్తూ 112కి చెప్పండి.

2017, 2018 సంవత్సరాల్లో ఇలాంటి పుకార్లే నమ్మి జార్ఖండ్, అస్సాం, మహారాష్ట్రల్లో గుంపులు అమాయకులను కొట్టి చంపాయి. మన విషయంలో ఇది మరీ దగ్గరి ప్రమాదం. సంక్రాంతి రోజుల్లో గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు ఆంధ్ర నుంచి ఇటు వస్తారు. వాళ్లు ఒడియా రాని, దారి తెలియని మనుషులు. చీకటి పడ్డాక ఏదో ఊరి పొలిమేరలో బస్సు దిగితే ఆ ఊరివాళ్లకు వాళ్లే ‘కొత్త మనుషులు’. మన వీధిలో కొత్తవాడికి మనం ఇచ్చే మర్యాదే ఇంకో ఊళ్లో మనవాడి ప్రాణం కాపాడేది.

చట్టం కూడా కఠినంగానే ఉంది. కులం, వర్గం, పుట్టిన చోటు, భాష లాంటి కారణంతో అయిదుగురు లేదా అంతకు మించిన గుంపు కలిసి ఒకరిని చంపితే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103 ప్రకారం ఆ గుంపులోని ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడవచ్చు. కాబట్టి ఆ సందేశం మీ ఫోనుకు వస్తే ముందుకు పంపకండి. గ్రూపులోనే ‘స్టేషన్‌లో అడిగాను’ అని, వాళ్లు ఏమన్నారో రాయండి. పుకారును ఆపగలిగేది ఆ ఒక్క ఫోనే.

దొంగను పట్టుకున్నాం. తెల్లారేదాకా కట్టేసి ఉంచవచ్చా?

వద్దు. మీ కళ్ల ముందే బెయిలు దొరకని తీవ్రమైన నేరం చేసినవాడిని మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చని చట్టం అనుమతిస్తుంది. కానీ అనవసర ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 చెప్పేది ఇదే. స్తంభానికి కట్టడం, గుండు కొట్టించడం, కొట్టడం చేస్తే అప్పటిదాకా బాధితులుగా ఉన్న మీరే నిందితులవుతారు. 112కి చెప్పి, ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరినీ చేయి వేయనివ్వకుండా ఇద్దరు పెద్దవాళ్లు పక్కన ఉండండి.

కుర్రాళ్లు రాత్రి గస్తీ తిరుగుతామంటున్నారు. పంపవచ్చా?

ముందు ఐఐసీకి పేర్లు, వేళలు రాసి ఇచ్చి ఆయన సరేనంటేనే పంపండి. ముగ్గురు నలుగురు కలిసి తిరగాలి. చేతిలో టార్చి, ఈల చాలు, కర్రలు వద్దు. తాగినవాడిని ఆ రాత్రి పంపకూడదు. దారిన పోయేవాళ్లను ఆపి గుర్తింపు కార్డు అడిగే అధికారం గస్తీకి లేదు.

రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాడిని ఆసుపత్రికి తీసుకెళ్తే కేసులో ఇరుక్కుంటామా?

ఇరుక్కోరు. మంచి మనసుతో సాయం చేసినవారికి 2016లో సుప్రీంకోర్టు రక్షణ కల్పించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 134ఏగా అది స్థిరపడింది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు, ఆసుపత్రిలో నిలిపి ఉంచకూడదు, చికిత్సకు డబ్బు కట్టమనకూడదు. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025లో వచ్చింది. బాధితుడి దగ్గర డబ్బుందా లేదా అని ఆలోచిస్తూ ఆగకండి.

బరంపురం పక్కనుంచి పోయే 16వ జాతీయ రహదారి మీద, సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు మీద మొదటి గంటే ప్రాణం నిలిపేది. 108కి ఫోన్ చేయండి. మెడ, వెన్ను కదలకుండా ఉంచండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

పక్కింట్లో భార్యను కొడుతుంటే వినిపిస్తోంది. వాళ్ల ఇంటి గొడవ కదా?

కాదు. దెబ్బలు పడుతున్నప్పుడు అది ఇంటి గొడవ కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి తలుపు తట్టండి. ‘పంచదార కొంచెం కావాలి’ అని అడిగినా సరే, ఎవరో వింటున్నారని తెలిస్తే చాలాసార్లు చేయి ఆగుతుంది. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 112. తరువాత ఆమెతో విడిగా మాట్లాడి మహిళా సహాయవాణి 181 నంబరు, జిల్లా కేంద్రంలో హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం సంగతి చెప్పండి. 2005 గృహహింస చట్టం ప్రకారం బాధితురాలే కాదు, విషయం తెలిసిన ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద ఎలాంటి బాధ్యతా ఉండదు. కొత్త కోడలు, భాష రాదు, పుట్టిల్లు సరిహద్దు అవతల. అలాంటి అమ్మాయికి పక్కింటి ఆడవాళ్లు తప్ప ఆ ఊళ్లో దిక్కెవరు?

ఫలానా ముసలామె చిల్లంగి పెట్టిందని ఊళ్లో అంటున్నారు. మేం కల్పించుకోవాలా?

తప్పకుండా, అదీ మాట స్థాయిలో ఉన్నప్పుడే. ఆ మాట పంచాయితీ దాకా పోతే మనిషి ప్రాణం పోయిన ఘటనలు ఈ జిల్లాల్లో ఉన్నాయి. మంత్రగత్తె అని ముద్ర వేయడం, ఊరు వెళ్లగొట్టడం, హింసించడం నేరమని ఒడిశా 2013లో ప్రత్యేక చట్టమే చేసింది. సాధారణంగా ఒక జ్వరమో, బిడ్డ మరణమో దీనికి మొదలవుతుంది. అందుకే ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని జబ్బుపడిన ఇంటికి వెళ్లండి, రోగిని ఆసుపత్రికి చేర్చండి. గ్రామరక్షికి, స్టేషన్‌కు చెప్పండి. ఆ ముసలామెను కొన్నాళ్లు ఒంటరిగా పడుకోనివ్వకండి.

తుపాను హెచ్చరిక వస్తే వీధిగా మేం చేసేది ఏమిటి?

1999 అక్టోబరు సూపర్ తుపానులో ఒడిశా వేలమందిని పోగొట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, దాదాపు పది లక్షల మందిని ముందే తరలించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. ముందే కదలడం అంత పని చేస్తుంది. ఎవరి ఇంట్లో మంచం మీద ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఉన్నారో వాళ్లను మొదట పంపాలి. ఆ బాధ్యత ఏ ఇంటివాళ్లదో హెచ్చరిక రాకముందే తేల్చుకోండి.

కొండ ఊళ్లవాళ్లకు గాలి కంటే వాన గండం ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక, గజపతి జిల్లా బరాఘర గ్రామంలో వాన నుంచి తలదాచుకోవడానికి గుహలో చేరినవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. కొండ వాలు కింద, గుహలో, గెడ్డ ఒడ్డున తల దాచుకోకూడదు. బడి లేదా తుపాను కేంద్రానికి వెలుతురు ఉండగానే చేరాలి. జిల్లా విపత్తు నియంత్రణ గది నంబరు 1077. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది. జీడితోటలో పనిచేసేవాళ్ల ఫోన్లలో దాన్ని వేయించండి. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి పోకూడదని పిల్లలకు కూడా నేర్పండి.

## జరిగిన తరువాత

బస్సులో పర్సు పోయింది. ఎక్కడ పోయిందో, ఆంధ్రలోనో ఒడిశాలోనో తెలియదు. ఏ స్టేషన్‌కు వెళ్లాలి?

మీకు దగ్గరి స్టేషన్‌కు వెళ్లండి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతుంది. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. వాళ్లు నమోదు చేసి, సంబంధిత స్టేషన్‌కు పంపుతారు. ‘మా పరిధి కాదు, పార్వతీపురం పోండి’ అంటే ఈ సెక్షన్ పేరు మర్యాదగా గుర్తుచేయండి. రైల్లో జరిగితే 139.

ఫిర్యాదు తెలుగులో రాసి ఇవ్వవచ్చా?

నోటితో చెప్పినా సరిపోతుంది. పోలీసులు దాన్ని రాసుకుని మీకు చదివి వినిపించాలి, ఆ తరువాతే మీ సంతకం. ఇక్కడ రాత ఒడియాలో ఉంటుంది కనుక చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. తేదీ, వేళ, పోయిన వస్తువు, మనిషి పేరు సరిగా పడ్డాయో లేదో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకోండి. అర్థం కాని కాగితం మీద మొహమాటంతో సంతకం పెట్టకండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు తెలియజేయాలి.

ఎఫ్ఐఆర్ రాయకుండా తిప్పి పంపితే?

అదే ఫిర్యాదు రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు. కలెక్టరు, ఎస్పీ కలిసి సోమవారాల్లో జరిపే ఉమ్మడి వినతుల కార్యక్రమంలోనూ ఇవ్వవచ్చు. వకీలు ఖర్చు భయపెడితే న్యాయ సేవల నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం.

నాన్నగారికి వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అన్నారు. డబ్బు పంపేశారు. తిరిగి వస్తుందా?

ఈ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగా తెలిస్తే దాన్ని స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. లావాదేవీ నంబరు, వాళ్ల ఫోను నంబరు, స్క్రీన్ ఫొటోలు చెరపకండి. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో ఎవరినీ నిర్బంధించరు. చుట్టూ ఒడియా వినిపించే చోట అచ్చమైన తెలుగులో ‘సార్, మీ మంచికే చెబుతున్నాను’ అనే గొంతును పెద్దవాళ్లు తొందరగా నమ్ముతారు. నాన్నగారిని తిట్టకండి. సిగ్గుతో దాచిన ప్రతి గంటా మోసగాడికే లాభం.

గంజాయి రవాణా గురించి తెలుసు. చెబితే మా పేరు బయటపడుతుందా?

పేరు చెప్పకుండానే 1933కి ఫోన్ చేయవచ్చు. మత్తు పదార్థాల సమాచారం కోసం 2024 జూలైలో మొదలైన మానస్ సహాయవాణి ఇది. నేర సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమని పోలీసు అధికారిని కోర్టులో కూడా బలవంతపెట్టడానికి వీల్లేదు. బండి నంబరు, వేళ, వెళ్లిన దిక్కు చెబితే చాలు. వెంబడించడం, తోట చూడటానికి వెళ్లడం, ఫొటో తీయడం ప్రాణాలతో చెలగాటం. ఈ సంగతి వీధి గ్రూపులో రాయకండి. చెప్పిన మాట ఇంట్లోవాళ్లకు కూడా తెలియనవసరం లేదు.

## కొనసాగించడానికి

ఊళ్లో నాటుసారా ఆపించడానికి దారి ఉందా?

పల్లీసభలో, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభలో, తీర్మానం చేయించండి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగా, గజపతి, గంజాంలలో కొన్ని ప్రాంతాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) మత్తు పానీయాల నియంత్రణలో గ్రామసభకు ప్రత్యేక అధికారం గుర్తించింది. సభకు ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చి, తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా కదలకూడదు. నకళ్లు ఎక్సైజు శాఖకు, ఐఐసీకి ఇవ్వండి. కుండలు పగలగొట్టడానికి మీరే వెళ్తే గొడవ మీ ఇంటి మీదికి తిరుగుతుంది.

బడి మానేసిన పిల్లలను పనికి పంపుతున్నారు, లేదా పెళ్లి కుదిర్చారు. ఎవరికి చెప్పాలి?

పిల్లల సహాయవాణి 1098కి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పేరు చెప్పనవసరం లేదు. దాదన్ మేస్త్రి (వలస కూలీలను కుదుర్చుకుపోయే మనిషి) అడ్వాన్సు ఇచ్చి కుటుంబాన్ని ఆంధ్ర, తెలంగాణ ఇటుక బట్టీలకు తీసుకెళ్తుంటే మేస్త్రి పేరు, ఫోను, వెళ్లే బట్టీ ఉన్న ఊరు ఒక కాగితం మీద రాయించి ఉంచుకోండి. అక్కడ చిక్కుపడితే వెతికేవాళ్లకు దారి చూపేది ఆ కాగితమే. తెలుగు వచ్చిన మీరు వాళ్ల తరఫున ఫోన్‌లో మాట్లాడగలిగితే అంతకంటే పెద్ద సాయం లేదు.

వీధిలో కెమెరాలు పెట్టించాలా?

మూల మలుపులో, వీధి మొదట్లో ఒకటి రెండు ఉపయోగమే. ఎదురింటి తలుపు, పెరడు, ఆడవాళ్లు నీళ్లు పట్టే కుళాయి అందులో పడకూడదు. దృశ్యాలు చూసే ఇద్దరు ఎవరో ముందే నిర్ణయించండి.

మొదటి నెల అందరూ వస్తారు, తరువాత ఎవరూ రారు. ఎలా నిలబెట్టాలి?

సమావేశాలు తగ్గించండి. నెలకోసారి, ఇరవై నిమిషాలు, ఎవరో ఒకరి అరుగు మీద కలిస్తే చాలు. ప్రతిసారీ ఒక్క పని తీసుకుని పూర్తి చేయండి. ఈ నెల మలుపులో దీపం, వచ్చే నెల ఫోను నంబర్ల కాగితం సరిచూడటం, చైత్రంలో మజ్జిగౌరి యాత్రకు లేదా బరంపురం ఠాకురాణి యాత్రకు వెళ్లే పిల్లల జేబుల్లో పేరు, ఫోను నంబరు రాసిన చీటీలు పెట్టడం. దీపం వెలిగిన మర్నాడు రాని మనుషులు కూడా వస్తారు. బాధ్యత ఏడాదికోసారి మారాలి, ఒక ఏడాది తెలుగు ఇంటికి, మరో ఏడాది ఒడియా ఇంటికి. మాట్లాడుకునేది ఏ భాషలోనైనా, రాసే కాగితం మాత్రం రెండు లిపుల్లో ఉండాలి.